యుద్ధపటమును, ఇంటి గాదెయు

పాఠశాలలోని వక్తృత్వ సంఘమున విద్యార్థులు యుద్ధమును గూర్చి వాదించునపుడు మేము తరచుగా ఒక సంగతిని గమనించుచుందుము. మొదట గోడకు దేశపటమును వ్రేలాడదీయుదురు. ఏ సైన్యము ఏ నదిని దాటినది, ఏ పట్టణము ఎవరి వశమైనది, ఎన్ని విమానములు కూలినవి అను వివరములు వారి నోట ధారాళముగా వెలువడును. ఒకరు లేచి ఈ పక్షమునకు జయము తథ్యమందురు. వేరొకరు లేచి ఆ పక్షమునకే యందురు. గంట మ్రోగును, సభ ముగియును. ఆ యుద్ధపు వెలను ఎవరు చెల్లించుచున్నారను ప్రశ్న మాత్రము పెక్కు సభలలో పుట్టనే పుట్టదు.

2022వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సైన్యములు ఉక్రెయినులో ప్రవేశించినపుడు కీవు, ఖార్కివు అను పేర్లు మన పిల్లలకు కంఠస్థములయ్యెను. అచ్చట వైద్యవిద్య నభ్యసించుచుండిన తెలుగు విద్యార్థులు పలువురు అతి ప్రయాసపడి ఇండ్లకు చేరిరి గాన, ఆ యుద్ధము మనకు దూరపుది కాదని యెల్లరును గ్రహించిరి. ఐనను అదే మార్చి మాసమున మన వంటయింటి పొద్దుతిరుగుడు నూనె ధర ఏల పెరిగెనో చెప్పగలిగిన విద్యార్థులు కొద్దిమందియే. మన దేశము కొనుచుండిన ఆ నూనెలో అధికభాగము ఉక్రెయినునుండియు రష్యానుండియు వచ్చుచుండెను. పటము తెలిసిన వానికి నూనెడబ్బా సంగతి తెలియలేదు. నూనెడబ్బా కొన్న తల్లికి పటము తెలియలేదు. ఈ ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టుటయే ఈ పాఠముయొక్క ప్రయత్నము.

ఇందులకు ఉదాహరణము వెదుకుటకు ఐరోపాకు పోనక్కరలేదు. 1939 మొదలు 1945 వరకు జరిగిన రెండవ ప్రపంచయుద్ధము మన టెక్కలి, పలాస, ఉద్దానపు ఊళ్లలోనికి ఏ ద్వారమున వచ్చినదో చూచిన చాలును. అది ఫిరంగులతో రాలేదు. బియ్యపు కుంచముతోను, కిరసనాయిలు దీపముతోను, రాని మనియార్డరుతోను వచ్చినది.

1939 సెప్టెంబరు 3వ తేదీన ఇంగ్లండు జర్మనీపై యుద్ధము ప్రకటించెను. ఆ దినముననే వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు హిందూదేశమును సైతము యుద్ధములో నున్నదని చాటెను. ఈ దేశపు ప్రజాప్రతినిధులను ఒక్క మాటయైనను అడిగియుండలేదు. అందుపై ఆ అక్టోబరు మాసాంతమున మదరాసులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రాజీనామా నొసగెను. కనుక మన పెద్దలు చేసిన మొదటి వాదము "ఎవరు గెలుతురు?" అనునది కాదు, "ఈ యుద్ధము మనదా?" అనునది.

ఆ వాదము జరిగిన స్థలములలో ఒకటి మన పలాసయే యని విద్యార్థులలో ఎందరెరుగుదురు? 1940 మార్చి మాసాంతమున అఖిల భారత కిసాన్ సభ ఐదవ మహాసభ పలాసలో జరిగెను. దేశపు నలుమూలలనుండి రైతు ప్రతినిధులు ఈ రైలు స్టేషనులో దిగిరి. అప్పటికి ఐరోపాలో పడమటి యుద్ధభూమి నిశ్శబ్దముగా నుండెను. పటములో గీతలు కదలుట లేదు. ఐనను పలాసలో కూడినవారు యుద్ధమును, శిస్తును, జమీందారీ బాధలను ఒక్క సభలోనే చర్చించిరి. ఆ రెంటికిని సంబంధము లేదని అనుకొనువారికి సమాధానము కొద్ది దినములలోనే లభించెను. ఏప్రిలు 1వ తేదీన, మందసా జమీందారీ అడవి కలపను గూర్చిన తగవులో, గుడారి రాజమణిపురము కడ పోలీసులు కాల్పులు జరిపిరి. సాసుమాన గున్నమ్మ యను రైతు వనితయు, మరికొందరు రైతులును ప్రాణములు కోల్పోయిరి. ఆ ప్రాణములు పోయినది జర్మను గుండ్లకు కాదు. ఆమెను నేడు మనము వీర గున్నమ్మ యందుము.

తరువాతి రెండేండ్లలో వాదము మూడు చీలికలయ్యెను. 1941 జూన్ 22వ తేదీన జర్మనీ సోవియటు రష్యాపై దండెత్తగా, కమ్యూనిస్టులు నిన్నటి వరకు సామ్రాజ్యవాదుల యుద్ధమని పిలిచినదానినే ప్రజాయుద్ధమని పిలువసాగిరి. కాంగ్రెసు 1942 ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో "క్విట్ ఇండియా" తీర్మానమును గావించెను. స్వరాజ్యము లేని దేశము ఇతరుల స్వాతంత్ర్యము కొరకు ఎట్లు పోరాడునని దాని ప్రశ్న. మూడవ పక్షమువారు, అనగా ప్రభుత్వోద్యోగులును, సైన్యములో చేరినవారి కుటుంబములును, ముందు జపాను నాపవలెను, తక్కినది తరువాత చూచుకొందమనిరి. ఈ మూటిలో ఏదియు మూర్ఖుల వాదము కాదు. ఐతే మా అభిప్రాయమున, పలాస సభ తరువాత మూడు పక్షములవారును జెండాను గూర్చి ఎక్కువగాను, గాదెను గూర్చి తక్కువగాను పలికిరి. గాదె మాత్రము తన మాట తాను చెప్పుచునే యుండెను.

ఆ మాట వినవలెనన్న సముద్రమునకు ఆవలి యొడ్డుకు పోవలెను. మన ప్రాంతపు ముసలివారు రంగూను పట్టణమును "రంగము" అనెడివారు. "వాడు రంగము పోయినాడు" అన్నచో, కూలికై బర్మాకు పోయినాడని యర్థము. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి ఏటేట వేలకొలది జనులు మేస్త్రీల వెంట ఓడలెక్కిరి. రేవులో బస్తాలు మోయుటకును, ధాన్యపు మిల్లులలో పని చేయుటకును, రిక్షా లాగుటకును, వీధులూడ్చుటకును వారే ఆధారము. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలో బర్మాలోని భారతీయులు పది లక్షలు. వారిలో తెలుగువారు లక్షకు పైబడిరి. రంగూను పట్టణ జనులలో సగమునకు మించి భారతీయులే. ఆ బ్రతుకు సుఖమైనది కాదు. 1930 మే మాసములో రేవు కూలి సమ్మె సందర్భమున బర్మీయులకును తెలుగు కూలీలకును జరిగిన ఘోర సంఘర్షణలో మనవారు అనేకులు మరణించిరి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా హిందూదేశమునుండి వేరుచేయబడిన తరువాత వారు పరదేశీయులే యైరి. ఐనను పోవుట మానలేదు. ఏలయన ఉద్దానపు ఇసుకనేలలో కొబ్బరి, పనస, జీడి పండును గాని వరి చాలినంత పండదు. బియ్యము కొనవలెనన్న చేతిలో రొక్కముండవలెను. ఆ రొక్కము తపాలాబంటు తెచ్చు మనియార్డరు రూపమున వచ్చుచుండెను. వచ్చిన రూకలతో కొను బియ్యములోను కొంతభాగము బర్మా బియ్యమే.

విద్యార్థులు ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. ఒకే పట్టణమునుండి ఒక ఇంటికి సంపాదనయు, తిండియు వచ్చుచుండినచో, ఆ పట్టణము పడిపోయిన దినమున ఆ యింటి గతి యేమి?

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. ఆకాశమున విమానయుద్ధము చూచుటకు వీధులలో నిలిచిన జనులును, రేవులోని కూలీలును వేలకొలది హతులైరి. కూలీలు పట్టణము విడిచి పారిపోగా రేవు స్తంభించెను. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు లొంగిపోయెను. మార్చి 8వ తేదీన జపాను సైన్యము రంగూనులో ప్రవేశించెను. పటమున ఇది ఒక చిన్న చుక్క రంగు మారుట మాత్రమే. భూమిమీద ఇది నాలుగైదు లక్షల భారతీయులు ఇల్లు విడిచి నడచుట. ఓడకూలి ఇచ్చుకొనగలవారు ఓడలలో మదరాసునకును, విశాఖపట్టణమునకును, కలకత్తాకును చేరిరి. ఇచ్చుకొనలేనివారు అరకాను కొండలమీదుగా చిట్టగాంగునకును, తాము త్రోవను మణిపురమునకును, ఇంకను ఉత్తరమున హుకాంగు లోయ బురదలలోపడి అస్సామునకును కాలినడకన వచ్చిరి. కలరా, మలేరియా, ఆకలి వారిని త్రోవపొడవునను కూల్చెను. చనిపోయినవారిని లెక్కించినవారు లేరు. పదివేలనియు, ఏబదివేలనియు చరిత్రకారులు అంచనాలు వేసియున్నారు. ఈ రెండు అంకెల నడుమనున్న వ్యత్యాసము నలుబదివేల మనుష్యులు. కూలిన విమానములను ఒక్కొక్కటిగా లెక్కించిన యుద్ధము, నడచి చచ్చిన కూలీలను ఇంత స్థూలముగా లెక్కించినది. ఈ సంగతిని మీ వాదములో తప్పక చెప్పుడు.

ఈ విధముగా ఒక్క రంగూను పతనముతో మన తీరమునకు నాలుగు దెబ్బలు తగిలెను. మనియార్డరు ఆగెను. బర్మా బియ్యము ఆగెను. బర్మా నూనెబావులనుండి వచ్చు కిరసనాయిలు ఆగెను. రంగూను చేరువనున్న సిరియము నూనెశుద్ధి కర్మాగారమును తిరిగిపోవుచున్న బ్రిటిషువారే ధ్వంసము చేసిరి. నాలుగవది, తిరిగివచ్చిన మనుష్యులు. వారు రావలసినవారే, వచ్చుట ఇంటివారికి సంతోషమే. కాని నిన్నటివరకు పోషించినవాడు నేడు పోషింపబడవలసినవాడాయెను.

ఏప్రిలు 6వ తేదీన బాంబులు మన జిల్లాలోనే పడెను. ఆనాడు టెక్కలి, సోంపేట తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలోనివి. శ్రీకాకుళము జిల్లా 1950లో గాని ఏర్పడలేదు. ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన జపాను విమానములు విశాఖపట్టణపు రేవుపైనను, కాకినాడపైనను బాంబులు వేసి పోయెను. చనిపోయినవారు కొద్దిమందియే. భయము మాత్రము మిక్కుటము. పట్టణవాసులు మూటలు కట్టుకొని లోపలి ఊళ్లకు తరలిరి, మదరాసు నగరమే సగము ఖాళీ అయ్యెను. నేటికిని "యుద్ధకాలమున ఏమి జరిగెను?" అని యడిగిన ప్రతివారును ఈ బాంబుల కథనే చెప్పుదురు. మేమును వినుటకు ఇష్టపడుదుము, అది వినసొంపైన కథయే. ఐతే బంగాళాఖాతములో ఆ వారము మునిగిన ఇరువదికి పైబడిన వర్తకనౌకల మాట ఆ కథలో ఉండదు. తీరపు ఓడలు కొంతకాలము నిలిచిపోవుటచే సరకులన్నియు రైలుపై పడెను. రైలుపెట్టెలు సైన్యపు సామగ్రితో నిండియుండెను. బాంబు పడిన శబ్దము ఒక దినము వినబడెను, సరకు రాని నిశ్శబ్దము మూడేండ్లుండెను.

ఇప్పుడు గణితము తెలిసిన విద్యార్థి ఒక ఆక్షేపణ చేయవచ్చును. బర్మానుండి ఏటేట వచ్చుచుండిన బియ్యము సుమారు పదునైదు లక్షల టన్నులు. దేశములో పండు బియ్యము రెండున్నర కోట్ల టన్నులు. అనగా బర్మా బియ్యము నూటికి ఆరు పాళ్లు. నూటికి ఆరు తగ్గినంతమాత్రమున ఇంత ఉపద్రవమేల? ప్రశ్న చాల మంచిది. దీనికి సమాధానము చెప్పలేనివారు యుద్ధకాలపు ధరలను గూర్చి మాట్లాడరాదు.

పండిన ధాన్యమంతయు సంతకు రాదు. రైతు తన తిండికి, విత్తనమునకు, కంబారుల జీతమునకు గాదెలో ఉంచుకొనును. మిగిలినదే సంతకు వచ్చును. బర్మా బియ్యమన్ననో మొత్తము సంతబియ్యమే. కనుక ఆరు పాళ్ల లోటు దేశమంతటిపై సమముగా పడక, బియ్యము కొనుక్కొని తినువారిపైననే పడెను. ఉద్దానపు తోటలవాడు, నౌపడా ఉప్పుకొటారులలో పనిచేయువాడు, నేతగాడు, పల్లెకారుడు, బడిపంతులు - వీరందరును కొని తినువారు. ఒక సంతలో నూరుగురు నూరు కుంచముల బియ్యమునకై వచ్చి, తొంబది కుంచములే యున్నవని యెరిగినచో, పదిమంది మర్యాదగా వెనుకకు పోవుదురా? పోరు. ఒక్కొక్కడును రేపు దొరకదేమో యని రెండు కుంచములు కొన జూచును. వర్తకుడు ఎల్లుండి ధర ఇంకను హెచ్చునని కొట్టుకు తాళము వేయును. మొదటి తొంబది కుంచములలో ఇరువది అదృశ్యమగును. లోటు పది మాత్రమే, సంతలో కనబడు లోటు ముప్పది. భయము లోటును మూడింతలు చేసెను. యుద్ధకాలమున ధాన్యపు కరవు మెత్తని పాదములతో ఇట్లే వచ్చును.

దీనికి తోడు ద్రవ్యము సంగతి. యుద్ధారంభమున దేశములో చెలామణి యగుచుండిన నోట్ల విలువ సుమారు 180 కోట్ల రూపాయలు. యుద్ధాంతమునకు అది 1,100 కోట్లు దాటెను. ఆరింతలకు పైమాట. ధాన్యము ఆరింతలు పండలేదు, బట్ట ఆరింతలు నేయబడలేదు. మరి ఈ నోట్లెట్లు వచ్చెను? ఇంగ్లండు తన యుద్ధావసరములకై ఇచ్చట సరకులు కొనెను, సైన్యమును పోషించెను. వాని వెలను బంగారముగా గాని వస్తువులుగా గాని ఇయ్యక, లండనులో మన పేర పౌనుల ఖాతాలో జమకట్టెను. ఆ జమను ఆధారముగా చూపి రిజర్వు బ్యాంకు ఇచ్చట నోట్లు ముద్రించెను. యుద్ధాంతమునకు ఆ ఖాతా నూటముప్పది కోట్ల పౌనులకు పెరిగెను. ఒకప్పుడు ఇంగ్లండునకు ఋణపడిన దేశము ఇప్పుడు ఇంగ్లండునకే అప్పిచ్చినదాయెను! పుస్తకములో ఇది గొప్ప లాభముగా కనబడును. ఆ అప్పిచ్చినది ఎవరు? చీర కొనలేక పాతచీరకు మాసిక వేసికొన్న స్త్రీయే ఇచ్చినది. ఆమెకు ఆ సంగతి ఎవరును చెప్పలేదు.

నాణెములను చూచినను ఈ కథ తెలియును. 1940వ సంవత్సరమున వెండి రూపాయలోని వెండి సగమునకు తగ్గింపబడెను, రూపాయి కాగితపు నోటు బయలుదేరెను. 1943లో రాగి మిగుల్చుటకై నడుమ రంధ్రముగల కానిని ముద్రించిరి. దానినే మనవారు చిల్లికాని యనిరి. మీ యిండ్లలో పాతపెట్టెలు వెదకిన నేటికిని అది దొరకవచ్చును, పూర్వము పిల్లల మొలత్రాటికి కట్టెడివారు.

ధరల సంగతికి వత్తము. ప్రభుత్వపు టోకు ధరల సూచిక 1939 ఆగస్టున 100 అనుకొన్నచో, యుద్ధము ముగియు కాలమునకు అది 244 ప్రాంతమునకు చేరెను. ఒక లెక్క వేయుడు. ఒక కూలికి ముందు దినమునకు నాలుగణాలు వచ్చుచుండెననియు, యుద్ధకాలమున అది ఎనిమిదణాలయ్యెననియు ఉదాహరణార్థము అనుకొందము. కూలి రెండింతలైనది, వాడు సంతోషింపవలెను గదా! కాని 244 సూచిక కాలపు ఎనిమిదణాలు పూర్వపు మూడుంపావు అణాలతో సమానము. చేతిలో రెండింతలు, కడుపులో తక్కువ. అదియును నియంత్రణపు ధరకు సరకు దొరికినచో మాత్రమే; చీకటి బజారు ధర ఏ సూచికలోను ఎక్కదు.

ఈ భారము అందరిపైనను ఒకే తీరున పడలేదని గూడ చెప్పుట న్యాయము. ధాన్యమే జీతముగా పుచ్చుకొను కంబారికి ధర ఎంత పెరిగినను తన కుంచములు తనకు వచ్చెను. పూర్వము వాని జీతము హీనమని చూచినవారే ఇప్పుడు అసూయపడిరి. పది యెకరముల పల్లము గల రైతు 1930 తరువాతి ధరల పతనములో చేసిన అప్పును యుద్ధకాలమున తీర్చుకొనగలిగెను. కంట్రాక్టుదారులు మేడలు కట్టిరి. విశాఖపట్టణపు రేవులో పలువురకు పనులు దొరకెను. రొక్కపు జీతగాడే నలిగిపోయెను. నేడు ఉద్యోగులందరును ఏటేట ఎదురుచూచు "కరువు భత్యము" అను మాట ఆ కాలపు జ్ఞాపకమును మోయుచున్నది. పంతుళ్లమైన మేము ఈ పదమును పలుకునపుడు కొంచెము శ్రద్ధగా పలుకుదుము.

ఇక ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి 1943వ సంవత్సరమును చూడుడు. ఆ ఏడు పటమును చూచినవానికి పండుగయే. ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడు కడ జర్మను సైన్యము లొంగిపోయెను. మే మాసమున ఉత్తర ఆఫ్రికాలో యుద్ధము ముగిసెను. సెప్టెంబరులో ఇటలీ శరణుజొచ్చెను. బర్మా సరిహద్దున శత్రువు ముందుకు రాలేదు. మిత్రపక్షము గెలుచుచున్నదని వాదించిన విద్యార్థికి ఆనాడు బహుమతి నిశ్చయము, వాని మాటలో అబద్ధమును లేదు. అదే ఏడు, మన హరిశ్చంద్రపురము మీదుగా పోవు కలకత్తా రైలుమార్గపు కొసయందు, బంగాళమున మనుష్యులు గంజినీళ్లకై వీధులలో కేకలు వేయుచు చనిపోవుచుండిరి. 1942 అక్టోబరు తుపాను పంటను చెరచినది నిజమే. జపాను వచ్చునేమో యని తీరపు పడవలను, ధాన్యమును ప్రభుత్వమే తొలగించినదియు నిజమే. ధరలు కూలివాని కందక పోయినదియు నిజమే. ప్రభుత్వ విచారణసంఘము మృతులు పదునైదు లక్షలనెను. తరువాతి పరిశోధకులు ముప్పది లక్షల వరకు లెక్కించిరి. ఒరిస్సాలోను ఆకలిచావులు కలిగెను. ఒక్క ఏడు, ఒక్క యుద్ధము. ఒక లెక్కలో జయము, ఇంకొక లెక్కలో మహాక్షామము.

అట్లని పటమును చించివేయవలెనని మేము చెప్పుట లేదు. ఇట్లు చెప్పు విద్యార్థులును కొందరు కలరు: యుద్ధములన్నియు ఒక్కటే, ఎవరు గెలిచిన నేమి అని. అది సోమరి వాదము. 1944వ సంవత్సరము మార్చి మొదలు జూలై వరకు కొహిమా, ఇంఫాలు కడ జరిగిన పోరులో జపాను సైన్యము ఆగకపోయినచో, రంగూను కూలీలు నడచిన త్రోవలోనే యుద్ధము బంగాళములోనికి వచ్చియుండెడిది. జర్మనీ గెలిచినచో ఐరోపాలో యూదుల వధ అంతటితో ఆగియుండెడిది కాదు. ఎవరు గెలిచిరన్నది లోకమునకు ముఖ్యమే. మేము కోరునది ఒక్కటి: గెలుపును చెప్పువాడు ఆ గెలుపు వెలను, అది పడిన యింటి పేరును గూడ చెప్పవలెను. వెలను చెప్పువాడు, ఆ వెల చెల్లింపకున్న ఏమి జరిగియుండెడిదో దానినిగూడ చెప్పవలెను.

యుద్ధము 1945 ఆగస్టులో ముగిసెను. పటమునుండి సూదిజెండాలు తీసివేయబడెను. గాదె లెక్క మాత్రము ముగియలేదు. బియ్యపు నియంత్రణ, రేషను చీటి, జిల్లా దాటి ధాన్యము పోరాదను ఆంక్ష స్వరాజ్యము వచ్చిన తరువాతను నిలిచెను. నడుమ ఒకసారి సడలించి, ధరలు హెచ్చగా మరల బిగించిరి. 1952 జూన్ మాసమున రాజగోపాలాచారిగారే మదరాసు ముఖ్యమంత్రిగా ఆ నియంత్రణను ఎత్తివేసిరి. యుద్ధారంభమున మంత్రిపదవి విడిచిన పెద్దమనిషియే, యుద్ధము ముగిసిన ఏడేండ్లకు దాని చివరి ముడిని విప్పవలసివచ్చెను.

రాబోవు వక్తృత్వ సభకై విద్యార్థులకు ఒక పని యిచ్చుచున్నాము. ఏ యుద్ధమును గూర్చి వాదించినను, పటము ప్రక్కన ఒక నల్లబల్ల ఉంచుడు. దానిపై మన ఊరి దుకాణములో నూనె, ఎరువు, గోధుమపిండి, వంటగ్యాసు ధరలను యుద్ధమునకు ముందు ఎంత, తరువాత ఎంత యని వ్రాయుడు. యుద్ధము వలన పెరిగినదేది, వేరు కారణమున పెరిగినదేది యని విడదీయుడు. ఇది కష్టము, ఇందే బుద్ధికి పని. మీ ఇంటనుండి పరదేశమునకు పనికై పోయినవారున్నచో, ఆ దేశమునకు యుద్ధము వచ్చిన వారు తిరిగివచ్చు దారి ఏది, దానికి డబ్బు ఎవరిత్తురు అని తండ్రిని అడుగుడు. ఉద్దానపు యువకులు నేడు రంగము పోవుట లేదు గాని, గల్ఫు దేశములకు పోవుచునే యున్నారు. తల్లిదండ్రులు ఈ పుటను చదివినచో వారికి మా మనవి: మీ యింట తాతముత్తాతలు రంగమునుండి తెచ్చిన పెట్టె గాని, రేషను చీటి గాని, చిల్లికాని గాని యున్నచో పిల్లవానిచేత పాఠశాలకు పంపుడు. చూచి, దాని కథ వ్రాసికొని, మరునాడే భద్రముగా తిరిగి పంపుదుము.